మొక్కజొన్నతో ఇథనాల్: ఖర్చెంత, ధరెంత, మిగిలేదెంత? తరచుగా అడిగే ప్రశ్నలు

పెట్రోల్లో కలిపే ఆల్కహాలు, అదే ఇథనాల్, దాని మాట ఎత్తితే చాలు, తిరిగి తిరిగి అవే సందేహాలు వస్తున్నాయి. రైతు అడిగేది ఒకటి, ఫ్యాక్టరీలో పెట్టుబడి పెడదామనుకునేవాళ్ళు అడిగేది ఇంకొకటి, బంకులో బండికి పెట్రోలు కొట్టించుకునేవాళ్ళ గొడవ మరొకటి. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు, ఏ జవాబుకి ఆ జవాబే పూర్తిగా ఉంటుంది, దానికోసమే కొన్ని అంకెలు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. ధరలు 2025-26 నాటివి. ఉదాహరణ లెక్క అని చెప్పినచోట మీ దగ్గరి రేట్లు వేసుకుని మీరే మళ్ళీ కట్టుకోండి.

## మొదట్లో వచ్చే సందేహాలు

ఇదివరకు చెరకుతోనే చేసేవాళ్ళు కదా, మధ్యలో ఈ మొక్కజొన్న ఎక్కడి నుంచి వచ్చింది?

2023లో రెండు దెబ్బలు వరసగా తగిలాయి. జూలైలో భారత ఆహార సంస్థ డిస్టిలరీలకి (ఆల్కహాలు తీసే ఫ్యాక్టరీలకి) బియ్యం అమ్మడం ఆపేసింది. డిసెంబరులో, వానలు సరిగా లేక చక్కెర తగ్గుతుందన్న భయంతో, కేంద్రం చెరకు రసం నుంచి ఇథనాల్ తీయడం మీద ఆంక్షలు పెట్టింది. పెట్రోల్లో కలిపే లక్ష్యం మాత్రం అలాగే ఉంది, 20 శాతానికి చేరాల్సిందే. మిగిలిన దారి మొక్కజొన్న ఒక్కటే. 2022-23లో దేశం మొత్తం మీద మొక్కజొన్న నుంచి వచ్చిన ఇథనాల్ సుమారు 31 కోట్ల లీటర్లు, మరుసటి ఏడాదికే అది 286 కోట్ల లీటర్లు అయింది. 2025-26 కేటాయింపుల్లో దాదాపు 46 శాతం మొక్కజొన్నదే. అంటే రెండు మూడేళ్ళలో చెరకుని పక్కకి నెట్టేసి ముందుకొచ్చిన పంట ఇది. రైతులు అడిగితే వచ్చింది కాదు, ప్రభుత్వానికి వేరే గింజ దొరక్క వచ్చింది. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే ధరల గోల సగం అర్థమైపోతుంది.

క్వింటాలు మొక్కజొన్నకి ఎన్ని లీటర్లు వస్తుంది?

నీతి ఆయోగ్ 2021 నివేదికలో వాడిన లెక్క టన్నుకి 380 లీటర్లు, అంటే క్వింటాలుకి 38. గింజలో పిండిపదార్థం బాగుండి, ఫ్యాక్టరీ కొత్తదై, సరిగ్గా నడిపితే 40 దాకా లాగుతారు. తాలు, పుచ్చు, తేమ ఎక్కువున్న సరుకైతే 36-37 దగ్గర ఆగిపోతుంది. పోల్చుకోవడానికి అదే నివేదికలో ఆహార సంస్థ బియ్యానికి టన్నుకి 450 లీటర్లు, పాడైన నూకల్లాంటి వాటికి 400, చెరకు రసమైతే టన్ను చెరకుకి 70 లీటర్లు.

లీటరు రెండు లీటర్ల తేడాయే కదా అనుకోకండి. క్వింటాలు 2,400కి కొన్న గింజలో 37 లీటర్లే వస్తే లీటరుకి గింజ ఖర్చు 64 రూపాయల 86 పైసలు, అదే 40 వస్తే 60 రూపాయలు. రోజుకి లక్ష లీటర్లు తీసే ఫ్యాక్టరీలో ఇది దాదాపు ఐదు లక్షల తేడా, రోజుకి.

గింజలోంచి ఇథనాల్ ఎలా తీస్తారు? ఖర్చు ఎక్కడ పడుతుంది?

పిండి పట్టి, నీళ్ళు కలిపి, వేడి చేసి, ఎంజైములు వేసి పిండిని చక్కెరగా మారుస్తారు. దానికి ఈస్టు వేసి సుమారు రెండు రెండున్నర రోజులు పులియబెడతారు. పులిసిన ద్రవంలో ఆల్కహాలు 12-14 శాతం ఉంటుంది, దాన్ని బట్టీ పడితే 95 శాతం దగ్గర ఆగిపోతుంది. ఎంత కాచినా ఆ మిగిలిన నీళ్ళు పోవు. పెట్రోల్లో కలపాలంటే 99.5 శాతం పైన ఉండాలి కాబట్టి నీటిని పట్టేసుకునే ప్రత్యేకమైన పూసల గుండా పంపుతారు.

ఖర్చులో పెద్ద వాటా గింజదే, ఆ తర్వాత ఆవిరిది. ఊక, బొగ్గు ధర పెరిగితే వెంటనే తెలుస్తుంది. బట్టీ పట్టడానికి ఎంత ఆవిరి కావాలో, అడుగున మిగిలిన పిప్పిని ఎండబెట్టడానికీ అంతే గట్టిగా ఆవిరి కావాలి. ఎంజైములు, ఈస్టు, రసాయనాలు, కరెంటు, జీతాలు వీటి తర్వాతే.

## ధర సంగతి

ఇథనాల్ ధర ఎవరు పెడతారు? మార్కెట్టా, గవర్నమెంటా?

గవర్నమెంటే అనుకోండి. కొనేది ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియం, హిందుస్థాన్ పెట్రోలియం లాంటి చమురు సంస్థలు, ఏడాదికోసారి టెండరు పిలుస్తాయి. పేరుకి టెండరే గానీ ధర తగ్గించి పాట పాడేదేమీ లేదు. ధర ముందే చెప్పేస్తారు, మీరు ఎన్ని లీటర్లు ఇస్తారో రాసివ్వాలి, అందులో ఎంత తీసుకోవాలో వాళ్ళు తేలుస్తారు. సరఫరా సంవత్సరం నవంబరు 1 నుంచి అక్టోబరు 31 దాకా. ఇంకో విశేషం, ఇథనాల్ ఒకటే అయినా ఏ ముడిసరుకు నుంచి తీశారన్నదాన్ని బట్టి ధర మారుతుంది. 2024-25లో మొక్కజొన్నదానికి లీటరు 71.86, చెరకు రసందానికి 65.61, పాడైన ధాన్యందానికి 64, ఆహార సంస్థ బియ్యందానికి 58.50. ట్యాంకులో పోసేశాక ఏది ఏదో దేవుడికి కూడా తెలియదు.

71.86 అనే అంకె ఎలా వచ్చింది? మొక్కజొన్నకే ఎందుకు అంత ఎక్కువ?

2023 ఆగస్టులో దీని ధర 62.36 నుంచి 66.07కి పెంచారు. బియ్యం ఆగిపోయి, చెరకు మీద ఆంక్షలు పడ్డాక 2024 జనవరిలో చమురు సంస్థలు లీటరుకి 5.79 ప్రోత్సాహకం ప్రకటించాయి. రెండూ కలిపితే 71.86. గింజ ఖరీదు, తయారీ ఖర్చు కూడి, ఫ్యాక్టరీలు ముందుకు రావాలంటే ఎంత ఇవ్వాలో చూసి పెట్టిన ధర ఇది.

ఆ తర్వాత మొక్కజొన్న మద్దతు ధర క్వింటాలుకి 2,090 నుంచి 2,225కి, అక్కడి నుంచి 2,400కి పెరిగింది. 71.86 మాత్రం కదల్లేదు. దీని మీద 5 శాతం జీఎస్టీ, రవాణా ఖర్చు వేరే ఇస్తారు.

లీటరు తీయడానికి అసలు ఎంత అవుతుంది? ఒక లెక్క వేసి చూపించండి.

ఉదాహరణ లెక్క ఇది. గింజ ఫ్యాక్టరీ గేటు దగ్గర క్వింటాలు 2,400, దిగుబడి 38 లీటర్లు. లీటరుకి గింజ ఖర్చు 63.16. అదే క్వింటాలులో పశువుల దాణాగా అమ్మే పిప్పి 26 కిలోలు వస్తుందనుకుందాం, కిలో 15కి పోతే 390 రూపాయలు, లీటరుకి 10.26 తిరిగొచ్చినట్టు. ఆవిరి, కరెంటు, ఎంజైములు, జీతాలు అన్నీ కలిపి 9 రూపాయలు వేసుకోండి. బ్యాంకు వడ్డీ, యంత్రాల తరుగుదల 6 రూపాయలు. 63.16లోంచి 10.26 తీసి, 15 కలిపితే 67.90. వచ్చేది 71.86. మిగిలింది నాలుగు రూపాయల లోపే.

ఇప్పుడు గింజ 2,000కి దొరికిందనుకోండి, మిగులు ఒక్కసారిగా 14 రూపాయల పైన. 2,600 అయిందా, లీటరుకి రూపాయి పావలా పైనే నష్టం. చేతివేళ్ళ మీద గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: క్వింటాలు మీద వంద రూపాయలు అటూ ఇటూ అయితే లీటరు మీద 2 రూపాయల 63 పైసలు అటూ ఇటూ అవుతుంది.

మొక్కజొన్న ధర ఎంతదాకా పెరిగితే ఫ్యాక్టరీ తట్టుకుంటుంది?

అమ్మకం ధర 71.86 దగ్గర కట్టేసి ఉంది కాబట్టి వెనక్కి లెక్క కట్టొచ్చు. లీటరుకి పిప్పి మీద 10.26 వస్తూ, తయారీకి 9, వడ్డీ-తరుగుదలకి 6 పోయే ఫ్యాక్టరీ అయితే గింజ గేటు ధర క్వింటాలు 2,550 దగ్గర లాభం సున్నా. అప్పులు తీరిపోయిన పాత ఫ్యాక్టరీ అయితే 2,780 దాకా లాగుతుంది, అది దాటితే బాయిలరు ఆర్పేయడమే మేలు.

ఇక్కడ రైతు గమనించాల్సిన విషయం ఒకటుంది. ఈ లెక్క మొక్కజొన్న ధరకి పైకప్పు వేస్తుంది గానీ కింద నేల వేయదు. 2,780 దాటాక ఫ్యాక్టరీ కొనడం ఆపేస్తుంది, ఎందుకంటే ఇథనాల్ ధర పెంచుకునే హక్కు దానికి లేదు. 1,700కి పడిపోతే మాత్రం ఫ్యాక్టరీ తనంతట తాను 2,400 ఇవ్వదు. ఇస్తుందని ఎవరైనా చెబితే ఆ కాగితం చూపించమనండి.

డీడీజీఎస్ అంటారు, అదేంటి? అందులో నిజంగా డబ్బుందా?

గింజలోని పిండి అంతా ఆల్కహాలు అయిపోయాక మిగిలిన మాంసకృత్తులు, పీచు, నూనెల పిప్పిని ఎండబెట్టినదే డీడీజీఎస్. మొక్కజొన్నదాంట్లో మాంసకృత్తులు సుమారు 28 శాతం, బియ్యందాంట్లో 45 శాతం దాకా ఉంటాయి. కోళ్ళు, పశువులు, చేపల దాణాలో సోయా పిండికి బదులు కొంత కలుపుతారు.

డబ్బుంది, కానీ ఏటికేడు తగ్గుతోంది. అందరూ ఫ్యాక్టరీలు పెట్టేసరికి ఈ పిప్పి మార్కెట్లో గుట్టలు పడింది, ధర పడిపోయింది, పడిపోతూ సోయా పిండి ధరని కూడా కిందకి లాగింది. సోయా రైతుల ఏడుపులో దీనికీ ఒక వాటా ఉంది. ఉదాహరణకి క్వింటాలుకి 26 కిలోల పిప్పి వచ్చే ఫ్యాక్టరీలో కిలో మీద 5 రూపాయలు తగ్గితే లీటరు ఇథనాల్ మీద 3 రూపాయల 40 పైసలు పోయినట్టే. మిగులే నాలుగు రూపాయలైతే ఇక చెప్పేదేముంది.

పులిసేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడును పట్టి కూల్ డ్రింకుల వాళ్ళకి, డ్రై ఐస్ వాళ్ళకి అమ్ముకోవచ్చు. దగ్గర్లో కొనేవాడుంటేనే సుమా.

## రైతులు అడిగేవి

ఇథనాల్ వస్తే మొక్కజొన్నకి తిరుగులేదన్నారు కదా, మరి మద్దతు ధర కూడా ఎందుకు రావట్లేదు?

2024లో నిజంగానే ధర బాగుంది. ఎంతగా అంటే, ఎప్పుడూ మొక్కజొన్న ఎగుమతి చేసే దేశం ఆ ఏడాది మయన్మార్ నుంచి, ఉక్రెయిన్ నుంచి తెప్పించుకుంది. అది చూసి అందరూ వేశారు. ఉత్పత్తి 2023-24లో 3.77 కోట్ల టన్నులుంటే మరుసటి ఏడాది 4.3 కోట్ల టన్నులు దాటింది. మరోవైపు గోదాముల్లో బియ్యం ఎక్కువై ప్రభుత్వం మళ్ళీ డిస్టిలరీలకి తలుపులు తెరిచింది, ఏకంగా 52 లక్షల టన్నులు, క్వింటాలు 2,250కి. అదే బియ్యం నుంచి టన్నుకి 450 లీటర్లు వస్తుంది కాబట్టి ఫ్యాక్టరీకి అదొక ఆసరా, మీతో బేరం ఆడటానికి అదొక కర్ర.

దాంతో 2025 ఖరీఫ్ కోతల నాటికి కర్ణాటకలో మొక్కజొన్న 1,600-1,900 మధ్యకి పడిపోయింది, మద్దతు ధర 2,400 ఉండగా. హావేరి, గదగ్ వైపు రైతులు రోడ్డెక్కారు, ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ప్రధానికి లేఖ రాశారు. తెలంగాణలో మార్క్‌ఫెడ్ కొనుగోలు కేంద్రాలు తెరిచి 2,400కి కొనాల్సి వచ్చింది. ఇథనాల్ వల్ల గిరాకీ పెరగలేదని కాదు, పెరిగింది. ఆ గిరాకీకి ఎంత ధర ఇవ్వాలన్నది మాత్రం ఎవరూ రాసి పెట్టలేదు. ఇథనాల్ అమ్మేవాడికి 71.86 ఖాయం, గింజ అమ్మేవాడికి ఖాయమైంది ఏదీ లేదు. నా దృష్టిలో ఈ పథకంలో పెద్ద లోపం ఇదే.

దళారీ లేకుండా నేరుగా ఫ్యాక్టరీకే అమ్మితే లాభమా?

ఫ్యాక్టరీ ఎంత దూరంలో ఉందో, మీ దగ్గర ఎంత సరుకుందో చూసుకోండి. యార్డులో కమీషను, హమాలీ, తరుగు పేరుతో పోయేది మిగులుతుంది, నిజమే. కానీ ఫ్యాక్టరీ చెప్పే ధర గేటు దగ్గరి ధర. లారీ కిరాయి క్వింటాలుకి వంద దాటితే యార్డులో పోయేదానికీ దీనికీ పెద్ద తేడా ఉండదు. పైగా పది క్వింటాళ్ళు తెచ్చినవాడికి అక్కడ లోపలికి రానివ్వరు, లోడు లెక్కనే కొంటారు. నలుగురైదుగురు కలిసి, లేదా ఊళ్ళో రైతు ఉత్పత్తిదారుల సంఘం ఉంటే దాని పేరున పంపితే బేరానికి బలం ఉంటుంది.

బయల్దేరే ముందు మూడు సంగతులు ఫోన్లో కాదు, రాతలో తీసుకోండి: తేమ ఎంతదాకా ఒప్పుకుంటారు, ఎక్కువైతే ఎంత కోస్తారు, డబ్బు ఎన్ని రోజుల్లో వేస్తారు. చమురు సంస్థల నుంచి ఫ్యాక్టరీకి బిల్లు డబ్బు సాధారణంగా నెల లోపే వస్తుంది కాబట్టి "మాకింకా పడలేదండీ" అని నెలల తరబడి తిప్పితే నమ్మక్కర్లేదు.

తేమ 14 దాటితే ఎందుకంత కోత పెడతారు? మోసమేనా?

కొంత న్యాయం, కొంత మోసం. 14 శాతం తేమ ఉన్న క్వింటాలులో పొడి గింజ 86 కిలోలు, 18 శాతం ఉంటే 82 కిలోలే. ఆ లెక్కన 38 లీటర్లు రావాల్సిన చోట 36.2 వస్తుంది. లీటరు 71.86 చొప్పున అది సుమారు 127 రూపాయల ఇథనాల్, పిప్పి కొంచెం అదనం, నిల్వ ఉంచితే బూజు పట్టే భయం ఇంకా అదనం. కాబట్టి 18 శాతం తేమకి క్వింటాలుకి 130-150 కోసినా అర్థం ఉంది. 300 కోశారంటే మాత్రం దాన్ని ఏమనాలో మీకు తెలుసు.

కల్లంలో ఇంకో రెండు రోజుల ఎండ ఈ గొడవంతా తప్పిస్తుంది, ఎండ ఉంటే. కోత సమయంలో వానలు పట్టుకున్న ఏడాది సంగతి వేరు, అప్పుడు డ్రయ్యరు అద్దెకి దొరికితే ఆ కిరాయిని ఈ కోతతో పోల్చుకుని చూడండి.

బూజు పట్టిన గింజని ఇథనాల్‌కి కొంటారట, నిజమేనా?

కొంటారు, తక్కువకి. బూజు విషం ఇథనాల్‌లోకి రాదు, బండికి దాంతో పనీ లేదు. అయితే పిండి పోగా మిగిలిన పిప్పిలో అది పోగవుతుంది, గింజలో ఉన్నదానికి దాదాపు మూడింతలు. అఫ్లాటాక్సిన్ అనే ఆ బూజు విషం ఎక్కువున్న పిప్పి కోళ్ళకి పెడితే కాలేయం దెబ్బతింటుంది, పాడి పశువులకి పెడితే పాలలోకి వస్తుంది. అందుకే బుద్ధిగా నడిచే ఫ్యాక్టరీ బూజు సరుకు చూసి భయపడుతుంది.

ఇథనాల్ కోసం వేరే విత్తనం ఏమైనా వేయాలా?

అక్కర్లేదు. మామూలు హైబ్రిడ్లే సరిపోతాయి, ఫ్యాక్టరీ కొనేదీ వాటినే. పిండి ఎక్కువున్న రకాల మీద లూధియానాలోని భారత మొక్కజొన్న పరిశోధనా సంస్థ పనిచేస్తోంది, ఇథనాల్ ఫ్యాక్టరీల చుట్టుపక్కల మొక్కజొన్న పెంచే పథకం కూడా నడుపుతోంది. కానీ "ఇది ఇథనాల్ స్పెషల్" అని ప్యాకెట్టు మీద రెండింతలు ధర వేసి అమ్మేవాడు వస్తే, పిండి శాతాన్ని బట్టి గింజకి ఎక్కువ డబ్బులిచ్చే ఫ్యాక్టరీ ఏదో ముందు చూపించమనండి. తూకానికే డబ్బులిచ్చేటప్పుడు మీకు కావలసింది ఎకరానికి ఎక్కువ క్వింటాళ్ళు, అంతే.

కోళ్ల ఫారాలవాళ్ళు ఇథనాల్ మీద ఎందుకంత మండిపడుతున్నారు?

కోడి దాణాలో 60-65 శాతం మొక్కజొన్నే. ఇన్నాళ్ళూ మొక్కజొన్నకి పెద్ద గిరాకీ వాళ్ళదే, ధర వాళ్ళ మాట మీద నడిచేది. ఇప్పుడు పక్కన ప్రభుత్వ హామీ ధర చేతిలో పట్టుకుని ఇంకో కొనుగోలుదారు నిలబడ్డాడు. గుడ్ల ఉత్పత్తిలో ముందుండే ఆంధ్ర, తెలంగాణల్లో ఇది చిన్న విషయం కాదు. గుడ్డు ధర రోజూ మారుతుంది, దాణా ఖర్చు పెరిగిందని గుడ్డు ధర పెరగదు. అందుకే సుంకం లేకుండా మొక్కజొన్న దిగుమతికి అనుమతి ఇవ్వమని అడుగుతున్నారు. మామూలు దిగుమతి సుంకం 50 శాతం. రైతుకి రెండో కొనుగోలుదారు ఉండటం మంచిదే, ఆ మాట కోళ్ళవాళ్ళకి నచ్చకపోయినా సరే.

## ఫ్యాక్టరీ పెడదామనుకునేవాళ్ళు అడిగేవి

100 కేఎల్‌పీడీ ఫ్యాక్టరీకి ఎంత మొక్కజొన్న, ఎంత డబ్బు కావాలి?

100 కేఎల్‌పీడీ అంటే రోజుకి లక్ష లీటర్లు, దానికి రోజుకి 263 టన్నుల గింజ. ఏడాదిలో 330 రోజులు నడిస్తే సుమారు 87 వేల టన్నులు. ఎకరానికి 30 క్వింటాళ్ళ దిగుబడి వేసుకుంటే 29 వేల ఎకరాల పంట మొత్తం మీకే రావాలి. చుట్టూ కోళ్ల ఫారాలు, దాణా మిల్లులు, స్టార్చ్ ఫ్యాక్టరీలు ఉండగా అంతా మీకే ఎందుకొస్తుంది?

కట్టడానికి రోజుకి వెయ్యి లీటర్ల సామర్థ్యానికి కోటి పైచిలుకు లెక్క వేసుకోండి, కరెంటు ప్లాంటు, ఎండబెట్టే యంత్రాలు, మురుగు శుద్ధి అన్నీ కలిపి. చాలామంది ఇక్కడిదాకే లెక్క కట్టి సంబరపడతారు. అసలు నొప్పి నిర్వహణ పెట్టుబడిలో ఉంటుంది. పంట ఖరీఫ్ కోతలప్పుడు ఒకసారి, రబీ కోతలప్పుడు ఒకసారి వస్తుంది, ఫ్యాక్టరీ మాత్రం రోజూ తింటుంది. మూడు నెలల సరుకు 2,400 చొప్పున నిల్వ పెట్టుకోవాలంటేనే 57 కోట్లు కావాలి, దానికి వడ్డీ, గోదాము అద్దె, పురుగు మందు. నిల్వ పెట్టుకోకపోతే సీజను కాని రోజుల్లో వ్యాపారి ఎంతంటే అంత.

ఇప్పుడు ఫ్యాక్టరీ పెట్టొచ్చా? సబ్సిడీ ఉందంటున్నారు.

కేంద్రం ఇచ్చింది వడ్డీ రాయితీ: 6 శాతం లేదా బ్యాంకు వడ్డీలో సగం, ఏది తక్కువైతే అది, వాయిదాలు కట్టక్కర్లేని మారటోరియం ఏడాదితో కలిపి ఐదేళ్ళు. ఆ ఊపులో దేశమంతా కట్టేశారు. ఫలితం 2025-26 టెండరులో కనిపించింది. చమురు సంస్థలకి కావలసింది 1,050 కోట్ల లీటర్లు, ఫ్యాక్టరీలు ఇస్తామన్నది 1,776 కోట్ల లీటర్లు. మిగిలిన 700 కోట్ల పైచిలుకు లీటర్లు ఎవరు కొంటారు? ఎవరూ కొనరు, ఇథనాల్‌కి వేరే అంత పెద్ద సంత లేదు.

సగం సామర్థ్యంతో నడిచే ఫ్యాక్టరీలో లీటరుకి 6 రూపాయలు పడాల్సిన వడ్డీ, తరుగుదల 12 అవుతుంది. 71.86 మీద ఆ భారం మోయడం కష్టం. పెట్రోల్లో కలిపేది 20 శాతం దాటి 25కో 27కో పెంచుతారన్న ఆశ మీద బ్యాంకు అప్పు తేవడం నేనైతే చెయ్యను. అమ్మకానికి వచ్చిన ఫ్యాక్టరీని చవకగా కొనుక్కోవడం వేరే ఆలోచన.

బియ్యం, మొక్కజొన్న రెండూ వాడే ఫ్యాక్టరీ మేలా?

మేలే, ఇప్పుడు దాదాపు అన్నీ అలాగే కడుతున్నారు. ఏ గింజ చవకైతే దానికి మారొచ్చు. కాకపోతే టెండరులో ఏ గింజ నుంచి ఎంత అని ముందే రాసి ఇవ్వాలి, తర్వాత ఇష్టమొచ్చినట్టు మార్చుకోలేరు. బియ్యం ధర, లభ్యత పూర్తిగా ప్రభుత్వం చేతిలో ఉంటాయి, 2023 జూలైలో ఆపేసినట్టు రేపు మళ్ళీ ఆపేయొచ్చు.

ఉద్యోగాలొస్తాయి కదా, మరి ఊళ్ళవాళ్ళు ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని ఎందుకు గొడవ చేస్తున్నారు?

నారాయణపేట జిల్లా చిత్తనూరు, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్, గద్వాల జిల్లా పెద్ద ధన్వాడ... మూడు చోట్లా పెద్ద ఆందోళనలే జరిగాయి. దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో జనం జాతీయ రహదారి మీద కూర్చున్నారు, పనులు ఆగాయి. భయాలు మూడు: వాసన, మురుగు నీళ్ళు, బోర్లు ఎండిపోవడం. నిబంధన ప్రకారం చుక్క మురుగు కూడా బయటికి వదలకూడదు, అంతా ఆవిరి చేసి మళ్ళీ వాడుకోవాలి. అందుకు యంత్రం ఉంటుంది. దాన్ని నడపడానికి ఖర్చవుతుంది, మిగులు పలచగా ఉన్న ఏడాది ఎక్కడ మిగల్చాలని చూస్తారో ఊళ్ళోవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. పోలీసుల్ని పెట్టి పని చేయించే బదులు, మురుగు శుద్ధి లెక్కలు పంచాయతీ ఆఫీసు గోడ మీద రోజూ కనబడేలా పెడితే సగం టెన్షన్ తగ్గుతుంది.

## బంకు దగ్గర వచ్చే ప్రశ్నలు

ఇథనాల్ కలిపారు కదా, పెట్రోలు ధర తగ్గాలి కదా?

2021లో నివేదిక రాసినప్పుడు నీతి ఆయోగ్ కూడా ఇథనాల్ పెట్రోలు కన్నా చవక అన్న లెక్కతోనే మొదలుపెట్టింది. ఆ తర్వాత ఇథనాల్ కొనుగోలు ధర పెరుగుతూ వచ్చింది. పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో చెప్పిన ప్రకారం జూలై నెలాఖరుకి ఇథనాల్ సగటు కొనుగోలు ఖర్చు రవాణా, జీఎస్టీ కలిపి లీటరుకి 71.32. రిఫైనరీ నుంచి బయటికొచ్చే పెట్రోలు కన్నా ఇదే ఎక్కువని వాళ్ళే ఒప్పుకున్నారు. కాబట్టి తగ్గదు. బంకులో మీరిచ్చే వందకి పైన రూపాయల్లో పెద్ద భాగం పన్నులు, ఆ పన్నులు తగ్గిస్తే తప్ప ఇథనాల్ కలిపితే ధర తగ్గే దారి లేదు. మిగిలింది ముడి చమురు దిగుమతి తగ్గడం, విదేశీ మారకం మిగలడం, డబ్బు రైతులకి వెళ్ళడం. ఇవి దేశానికి లాభాలే, మీ జేబులో మాత్రం కనబడవు.

మైలేజీ నిజంగా పడిపోతుందా, అంతా భ్రమేనా?

పడుతుంది, వాట్సాప్‌లో చెప్పినంత కాదు. లీటరు పెట్రోల్లో 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే లీటరు ఇథనాల్‌లో 21. అయిదో వంతు ఇథనాల్ కలిపితే మొత్తం శక్తి సుమారు 7 శాతం తగ్గుతుంది. నీతి ఆయోగ్ అంచనా కూడా దగ్గర దగ్గర అదే, పాత కార్లకి 6-7 శాతం, బైకులకి 3-4 శాతం, 20 శాతానికి సిద్ధం చేసిన బండికి ఇంకా తక్కువ. శక్తి లెక్కన చూస్తే 71.86 పెట్టి కొన్న ఇథనాల్, లీటరు పెట్రోలుకి సమానం కావాలంటే 109 రూపాయలు పెట్టినట్టు, అదీ పన్నులు లేకుండా. ఇథనాల్‌కి ఆక్టేన్ (ఇంజిను కొట్టుకోకుండా ఆపే గుణం) ఎక్కువ, ఇంజిను ఆ మేరకు తయారుచేస్తే కొంత తిరిగొస్తుంది, మన రోడ్ల మీద ఉన్న పాత బళ్ళకి ఆ సౌకర్యం లేదు.

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు, ఇథనాల్ లేని పెట్రోలు కూడా అమ్మాలన్న వ్యాజ్యాన్ని కొట్టేసింది. కాబట్టి మామూలు బంకులో వేరే ఎంపిక కోసం వెతకడం దండగ.

అమెరికాలో ఇదే మొక్కజొన్నతో చవకగా తీస్తారట, అక్కడి నుంచి తెచ్చుకుంటే పోదా?

చవకే. అక్కడ బుషెల్ అంటే 25.4 కిలోలు, 4 డాలర్లకి దొరికితే, డాలరు 88 రూపాయల లెక్కన క్వింటాలు సుమారు 1,390. ఎకరా దిగుబడి మన దేశ సగటుకి మూడింతలు. పిప్పితో పాటు నూనె కూడా తీసి అమ్ముతారు. పైగా అక్కడ ఇథనాల్ ధర గింజ ధరతో పాటు రోజూ కదులుతుంది, మనలా ఒకచోట కట్టేసి ఉండదు. నష్టమొచ్చిన వారం ఫ్యాక్టరీ ఉత్పత్తి తగ్గించేస్తుంది.

మన దగ్గర పెట్రోల్లో కలపడానికి దిగుమతి ఇథనాల్‌కి అనుమతి లేదు, పరిశ్రమల అవసరాలకి మాత్రమే తెచ్చుకోవచ్చు. వాళ్ళ మొక్కజొన్న దాదాపు అంతా జన్యుమార్పిడిది, దానికీ ఇక్కడ ఒప్పుకోరు. వాణిజ్య చర్చల్లో అమెరికా ఈ రెండు తలుపులూ తట్టుతూనే ఉంది. 1,390 గింజ వచ్చి కాకినాడ రేవులో దిగితే పశ్చిమ గోదావరిలో, నంద్యాలలో, ఖమ్మంలో 2,400 మాట ఎత్తేవాడు ఉండడు. ఇథనాల్ పథకం పెట్టిందే రైతు పేరు చెప్పి కాబట్టి, ఆ తలుపు తీస్తే ముందు ఆ పేరు మార్చాలి.